జట్టులో చోటు వేరు, స్కాలర్‌షిప్ వేరు

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. సొంతూరు విశాఖపట్నం. మా అమ్మాయి 11వ తరగతి. 100 మీటర్ల హర్డిల్స్ 14.3 సెకన్లలో, 300 మీటర్ల హర్డిల్స్ 43.9 సెకన్లలో పరిగెడుతుంది. జీపీఏ 3.8. వేరే రాష్ట్రంలోని ఒక డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి) యూనివర్సిటీ కోచ్ "మా రోస్టర్‌లో (జట్టు జాబితాలో) నీకు చోటు ఉండొచ్చు" అని మెయిల్ పెట్టారు. స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి ఎత్తేశారని, ఇప్పుడు జట్టులో 45 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చని స్నేహితులు చెప్తున్నారు. నిజమేనా? మేం ఇంకా హెచ్-1బి మీదే ఉన్నాం, ఫెడరల్ సాయం రాదు. మా ఆవిడేమో పరుగు ఆపేసి శాట్ చదువుకోమంటోంది. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ స్నేహితులు చెప్పినదాంట్లో "ఇవ్వొచ్చు" అనే మాట వరకు నిజమేనండీ. ఇస్తారని మాత్రం అనుకోకండి. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియక గత రెండేళ్లలో చాలా కుటుంబాలు నష్టపోయాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పాత పద్ధతి చూద్దాం. 2024-25 వరకు ఒక డివిజన్ 1 యూనివర్సిటీ అమ్మాయిల ట్రాక్ అండ్ ఫీల్డ్‌కీ క్రాస్ కంట్రీకీ కలిపి 18 స్కాలర్‌షిప్‌లకు మించి ఇవ్వకూడదు. అబ్బాయిలకైతే 12.6. ఈ చివరి పాయింట్ ఆరు ఎక్కడిదంటే, వీటిని ముక్కలు చేసి పంచుకోవచ్చు. ఒకరికి 80 శాతం, ఇంకొకరికి 25, మరొకరికి పుస్తకాల ఖర్చు మాత్రమే. డబ్బుకు హద్దు ఉండేది కానీ మనుషుల లెక్కకు ఉండేది కాదు. సొంత ఫీజు కట్టుకుని జట్టులో చేరే పిల్లలను వాక్-ఆన్‌లు అంటారు. కోచ్‌లు వాళ్లను ఎంతమందినైనా తీసుకునేవారు. మొదటి ఏడాది ఎవరి కంటా పడని పిల్ల మూడో ఏడాదికి కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీలు కలిసి పోటీపడే కూటమి) పోటీల్లో పతకం తెచ్చేది. ట్రాక్‌లో నాకు బాగా నచ్చిన విషయం అదే.

2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్, కాలేజీ ఆటగాళ్లు తమకూ డబ్బు రావాలని వేసిన 'హౌస్' కేసులో రాజీ ఒప్పందానికి ఆమోదం తెలిపారు. దాంతో లెక్క తలకిందులైంది. ఆ ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద హద్దు పోయింది, దాని బదులు మనుషుల సంఖ్య మీద హద్దు వచ్చింది. ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో అమ్మాయిలు 45, అబ్బాయిలు 45. క్రాస్ కంట్రీకి 17. కొన్ని కాన్ఫరెన్స్‌లు తమ వరకు ఇంతకంటే తక్కువ సంఖ్య కూడా పెట్టుకున్నాయి. అప్పటికే జట్లలో ఉండి, ఈ హద్దు వల్ల చోటు పోయిన పిల్లలకు న్యాయమూర్తి పట్టుబట్టడం వల్ల ఒక మినహాయింపు దొరికింది. వాళ్లను 45లో లెక్కపెట్టరు. కొత్తగా చేరబోయే మీ అమ్మాయికి ఆ మినహాయింపు వర్తించదు.

మరి డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ఇదే ఒప్పందం ప్రకారం యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాది ఆ మొత్తం గరిష్ఠంగా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందులో పెద్ద భాగం ఫుట్‌బాల్‌కీ, అబ్బాయిల బాస్కెట్‌బాల్‌కీ పోతుంది, ఎందుకంటే ఆదాయం తెచ్చేవి అవే. పైగా కొత్తగా పెంచిన స్కాలర్‌షిప్‌ల ఖర్చులో 25 లక్షల డాలర్ల వరకు ఆ గరిష్ఠ మొత్తంలోనే లెక్క వేస్తారు. అంటే ట్రాక్‌కి ఒక స్కాలర్‌షిప్ పెంచితే ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌కి ఇచ్చే డబ్బులో అంత తగ్గుతుంది. అథ్లెటిక్ డైరెక్టర్ ఎటు మొగ్గుతారో మీరే ఊహించుకోండి. కొన్ని పెద్ద ట్రాక్ ప్రోగ్రాములు నిజంగానే డబ్బు పెంచాయి, కానీ చాలాచోట్ల పాత 18 కూడా పూర్తిగా నిండదు. నిండినా, 18ని 45 మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చేది 40 శాతం. సమానంగా ఎవరూ పంచరు కూడా. పాయింట్లు తెచ్చేవాళ్లకే పెద్ద వాటా వెళ్తుంది.

మన దేశం నుంచి వెళ్లి పూర్తి స్కాలర్‌షిప్‌తో చదివినవాళ్లలో తేజస్విన్ శంకర్ పేరు అందరూ చెప్తారు. కాన్సాస్ స్టేట్ తరఫున 2018లో, 2022లో హైజంప్‌లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ) ఛాంపియన్ అయ్యాడు. కానీ అతను అమెరికా విమానం ఎక్కేనాటికే 2.26 మీటర్లతో భారత జాతీయ రికార్డు అతని పేరు మీద ఉంది. పూర్తి స్కాలర్‌షిప్ ఎలాంటివాళ్లకు వస్తుందో చెప్పడానికే ఇది గుర్తుచేశాను, మీ అమ్మాయిని తక్కువ చేయడానికి కాదు.

ఇప్పుడు కోచ్ మెయిల్ సంగతి. "చోటు ఉండొచ్చు" అంటే డబ్బు గురించి ఒక్క మాట కూడా చెప్పలేదని అర్థం. చోటు కూడా ఖాయం చేయలేదు. గత ఏడాది నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబానికి ఇలాంటి మాటే చెప్పారు. వాళ్లబ్బాయి వేరే రాష్ట్రం ఫీజు కట్టి ఆగస్టులో చేరాడు, జట్టుతో కలిసి ప్రాక్టీస్ మొదలుపెట్టాడు. సీజన్‌కి ముందు 45 లెక్క తేల్చాల్సి వచ్చినప్పుడు జట్టు నుంచి తీసేశారు. చదువు అక్కడే సాగుతోంది, కానీ ఆ యూనివర్సిటీని ఎంచుకున్నదే పరుగు కోసం. ఆ తల్లి ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. మీ ఇంట్లో అలా జరగకూడదు.

అసలు ఆ జట్టులో మీ అమ్మాయి ఎక్కడ నిలుస్తుందో మీరే ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. టీఎఫ్ఆర్ఆర్ఎస్ అనే వెబ్‌సైట్‌లో కాలేజీ ట్రాక్ ఫలితాలన్నీ ఉచితంగా ఉంటాయి. ఆ యూనివర్సిటీ ఆడే కాన్ఫరెన్స్ తాలూకు గత ఏడాది ఔట్‌డోర్ ఛాంపియన్‌షిప్ తెరవండి. 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో ఎనిమిదో స్థానం ఎంత సమయానికి వచ్చిందో చూడండి. మొదటి స్థానానికి 10 పాయింట్లు, ఎనిమిదో స్థానానికి 1, ఆ తర్వాత సున్నా. కోచ్ ఉద్యోగం నిలబడేది ఆ పాయింట్ల మీదే. తర్వాత ఆ జట్టు జాబితా చూడండి. హర్డిల్స్ అమ్మాయిలు ఎంతమంది, వాళ్లలో మీ అమ్మాయి చేరేనాటికి చదువు పూర్తి చేసి వెళ్లిపోయేది ఎంతమంది? ముగ్గురు మంచి హర్డ్లర్లు ఇంకా రెండేళ్లు ఉండేలా ఉంటే మీ పాపకు ఆ జట్టులో పని తక్కువ. వేరే యూనివర్సిటీల నుంచి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా వచ్చే 21, 22 ఏళ్ల అమ్మాయిలతో కూడా ఆమె పోటీ పడాలన్నది మర్చిపోకండి. 45 సీట్లే ఉన్నప్పుడు, మూడేళ్లకు ఎదిగే పిల్లకంటే ఈ ఏడాదే పాయింట్లు తెచ్చే అమ్మాయి వైపే కోచ్ మొగ్గుతారు.

మీ అమ్మాయికి అనుకూలమైనవి కూడా ఉన్నాయి. అబ్బాయిలకు హైస్కూల్ నుంచి కాలేజీకి వెళ్తే హర్డిల్ ఎత్తు 39 అంగుళాల నుంచి 42కి పెరుగుతుంది. అమ్మాయిల 100 మీటర్ల హర్డిల్ రెండుచోట్లా 33 అంగుళాలే. అందుకే ఆమె 14.3ను కాలేజీ సమయాలతో నేరుగా పోల్చవచ్చు. ఆ 14.3 ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో వచ్చిందా, వెనక గాలి సెకనుకు 2 మీటర్ల లోపే ఉందా అన్నవి మాత్రం రాసి పెట్టుకోండి, కోచ్‌లు ముందు అడిగేది అదే. 300 మీటర్ల హర్డిల్స్ కాలేజీలో లేదు, అక్కడ ఉండేది 400. వచ్చే వేసవిలో యూఎస్ఏటీఎఫ్ (అమెరికా అథ్లెటిక్స్ సమాఖ్య) జూనియర్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ రెండు మూడుసార్లు పరిగెత్తించండి. రెండు హర్డిల్స్ రేసులూ, అవసరమైతే 4x400 రిలేలో ఒక వంతూ పరిగెత్తే పిల్లకు ఒకే సీటులో మూడు పనులు అవుతాయి. మనుషుల లెక్క పెట్టాక ఇలాంటి పిల్లల విలువ పెరిగింది.

డబ్బు లెక్క కాగితం మీద వేయండి. ఆ వేరే రాష్ట్రం యూనివర్సిటీలో ఏడాదికి 60,000 డాలర్లు అవుతుందనుకుందాం. 25 శాతం స్కాలర్‌షిప్ ఇచ్చారు, అంటే 15,000. మీ జేబులోంచి 45,000. నాలుగేళ్లకు 1,80,000. మీ రాష్ట్రంలోనే ఒక మంచి పబ్లిక్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ రూపాయి రాకపోయినా ఏడాదికి 30,000 అనుకుంటే నాలుగేళ్లకు 1,20,000. "స్కాలర్‌షిప్ వచ్చింది" అని బంధువులకు చెప్పుకోవడానికి 60,000 డాలర్లు ఎక్కువ కడుతున్నట్టు లెక్క. ఇంకో సంగతి. ఆఫర్‌లో శాతం రాశారా, డాలర్ల మొత్తం రాశారా చూడండి. ఫీజులు ఏటా పెరుగుతాయి, డాలర్ మొత్తం అలాగే ఉండిపోతుంది. ఫీజుకూ పుస్తకాలకూ వచ్చే భాగం మీద పన్ను లేదు, హాస్టల్, భోజనం కోసం వచ్చే భాగానికి ఉంటుంది.

మీ వీసా సంగతి విడిగా ఆలోచించాలి. అమ్మాయి హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉంది కాబట్టి ఫెడరల్ గ్రాంట్లు, రుణాలు రావన్నది నిజమే. అథ్లెటిక్ స్కాలర్‌షిప్ జీతం కాదు, అది తీసుకోవచ్చు. యూనివర్సిటీ నేరుగా పంచే డబ్బు, పేరు-ఫోటో వాడుకున్నందుకు కంపెనీలు ఇచ్చే ఎన్ఐఎల్ డబ్బు వేరు. వాటిని ఉద్యోగంగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఒక్క డాలరు కూడా ముట్టుకోవద్దు. 21 ఏళ్లు నిండేలోపు గ్రీన్ కార్డు రాకపోతే ఆమె ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి, అది సరిగ్గా కాలేజీ మధ్యలో వస్తుంది. అప్పుడు రాష్ట్ర నివాసుల ఫీజు కొనసాగుతుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి, యూనివర్సిటీని బట్టి మారుతుంది. చేరకముందే రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

శాట్ విషయంలో మీ శ్రీమతి గారి మాట సగం సరైనదని నా అభిప్రాయం. ఎన్‌సీఏఏ 2023 నుంచి ఆటగాళ్ల అర్హతకు శాట్ అడగడం మానేసింది. 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో 2.3 జీపీఏ ఉంటే డివిజన్ 1కి చాలు. కానీ చాలా యూనివర్సిటీల్లో చదువు మీద వచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ ట్రాక్ డబ్బుకంటే పెద్దది, నమ్మకమైనది కూడా. కాలు బెణికితే పోయేది కాదది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ ప్రవేశాలకు శాట్ లేదా ఏసీటీ మళ్లీ తప్పనిసరి చేసింది. అయితే దానికోసం పరుగు ఆపనక్కర్లేదు. వారానికి ఐదారు గంటలు శాట్‌కి కేటాయిస్తే సరిపోతుంది. రోజూ సాయంత్రం ప్రాక్టీస్‌కి వెళ్తూ 3.8 తెచ్చుకుంటున్న పిల్ల దగ్గర నుంచి ఆ ప్రాక్టీస్ తీసేస్తే మార్కులు పెరుగుతాయని గ్యారంటీ లేదు. తగ్గిన పిల్లలను నేను చూశాను.

డివిజన్ 1 ఒక్కటే దారి అనుకోకండి. డివిజన్ 2లో ఈ 45 హద్దు లేదు, అమ్మాయిల ట్రాక్‌కి 12.6 స్కాలర్‌షిప్‌ల వరకు ఇవ్వొచ్చు. మీ టెక్సస్‌లోనే ఏంజెలో స్టేట్, వెస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎం ఆ విభాగంలో గట్టి జట్లు. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ అసలు లేదు, కానీ ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్, ఎమొరీ ఉన్నది అందులోనే. ఐవీ లీగ్ కూడా ఆటకు డబ్బు ఇవ్వదు, ఆ ఒప్పందంలో చేరనూ లేదు. ఇలాంటిచోట్ల కోచ్ మద్దతు ప్రవేశానికి పనికొస్తుంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం విడిగా అడగొచ్చు.

హర్డిల్స్ పిల్లల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక కూడా. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ 2025 జూన్‌లో ఫీల్డ్ ఈవెంట్లు ఆపేసి, స్ప్రింట్స్, హర్డిల్స్ బాగా తగ్గించి, దూరపు పరుగుల మీదే దృష్టి పెడతామని ప్రకటించింది. డబ్బున్న పెద్ద కూటమిలో, అంటే పవర్ కాన్ఫరెన్స్‌లో ఉండిన పెద్ద యూనివర్సిటీ పరిస్థితే అది. అందుకే పరుగు లేకపోయినా పాప నాలుగేళ్లు ఇష్టంగా చదివే చోటేనా అని ఆమెనే అడగండి, మీరు జవాబు చెప్పకండి.

ఇక ఆ కోచ్‌కి జవాబు ఈ వారమే వెళ్లాలి. ఆ మెయిల్ మీరు కాదు, మీ అమ్మాయి రాయాలి. తండ్రి రాసిన మెయిల్‌ని కోచ్‌లు ఇట్టే గుర్తుపడతారు. థాంక్స్ చెప్పి, తన సమయాలు, గాలి వివరం, రేసు వీడియో లింకు, మార్కుల జాబితా పంపి, మర్యాదగా నాలుగు విషయాలు అడగమనండి. మీ యూనివర్సిటీ హౌస్ ఒప్పందంలో చేరిందా? నాకు చెప్తున్న చోటు ఖాయమైనదా, లేక సీజన్ ముందు మళ్లీ ఎంపిక ఉంటుందా? స్కాలర్‌షిప్ ఉంటే ఎంత శాతం, ఒక ఏడాదికా నాలుగేళ్లకా? గాయమై ఒక సీజన్ పోతే ఏమవుతుంది? ఫలానా యూనివర్సిటీలో చేరతానని ఆటగాళ్లు సంతకం చేసే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లోనే రద్దయింది. ఇప్పుడు చెల్లేది సంతకాలతో ఉన్న ఆర్థిక సాయం ఒప్పంద పత్రమే, అది సాధారణంగా 12వ తరగతి నవంబర్‌లో వస్తుంది. ఫోన్‌లో ఎంత ఆప్యాయంగా మాట్లాడినా ఆ కాగితంలో లేనిది లేనట్టే.

ఇదే మెయిల్ ఇంకో పదిహేను ఇరవై మంది కోచ్‌లకు కూడా పంపించండి, అందులో సగం డివిజన్ 2, 3 వాళ్లు ఉండాలి. 10వ తరగతి తర్వాతి జూన్ 15 దాటింది కాబట్టి డివిజన్ 1 కోచ్‌లు ఇప్పుడు మీ అమ్మాయితో నేరుగా మాట్లాడవచ్చు. జవాబులు వచ్చాక ఒక నోట్‌బుక్‌లో పేరు, శాతం, మిగిలే ఖర్చు అని మూడు గడులు గీసి రాసుకుంటూ రండి. జనవరిలో ఆ పేజీ నాకు పంపండి, మీ శ్రీమతి గారినీ పాపనూ కూడా కూర్చోబెట్టి కలిసి చూద్దాం.