కొరియా దర్శకుడిలా అవుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. బాంగ్ జూన్ హో లాగా సినిమాలు రాసి తీస్తానని, కాలేజీ మానేసి కొరియా వెళ్తానని పట్టుబడుతున్నాడు. పిచ్చి పట్టినట్టుంది. ఇంజినీరింగ్ మేలా, సినిమా శిక్షణ మేలా? పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పోలికకు రెండు మాటలు చాలు. ఇంజినీరింగ్ పట్టా ఉంటే ఉద్యోగం వెతుక్కోవచ్చు. సినిమా శిక్షణ పని నేర్పుతుందే కానీ అవకాశం ఇప్పించదు. మీ అసలు భయం మాత్రం వేరు: రేపు వీడు ఎలా బతుకుతాడు? ఏటా ఎందరో తల్లిదండ్రులు నా దగ్గరకు మోసుకొచ్చే భయమే ఇది.

మీ అబ్బాయి ఆరాధించే మనిషి చదువు మానలేదు. సియోల్‌లోని యోన్సే విశ్వవిద్యాలయంలో సోషియాలజీ చదివారు. సినిమా క్లబ్బు నడిపిందీ ఆ రోజుల్లోనే. కొరియన్ అకాడమీ ఆఫ్ ఫిల్మ్ ఆర్ట్స్‌లో చేరింది ఆ తర్వాతే. 1995లో అక్కడి నుంచి బయటికి వచ్చినా, దర్శకుడిగా తొలి సినిమా విడుదలైంది 2000లో. మధ్య కాలమంతా ఇతరుల సినిమాలకు సహాయ దర్శకుడిగా, స్క్రిప్టు రచనలో సాయంగా గడిచింది. తీరా ఆ తొలి సినిమా ఆడలేదు. 2003లో ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ ఆయనను నిలబెట్టింది. మీ అబ్బాయి కళ్లలో మెదిలేది 2020 నాటి ఆస్కార్ వేదిక. ఆ ఖాళీ ఏళ్ల సంగతి అతనికి ఎవరైనా చెప్పారా?

ఇంకొక విషయం. విద్యార్థిగా ఉన్నప్పుడు బాంగ్ ఒక సంపన్నుల ఇంట్లో పిల్లవాడికి ట్యూషన్ చెప్పేవారు. ఆ పిల్లవాడు ఒకరోజు పై అంతస్తుకు తీసుకెళ్లి, ఇంట్లోనే కట్టుకున్న ఆవిరిస్నానాల గదిని చూపించాడట. పేద కుటుంబం ఒక సంపన్నుల ఇంట్లోకి చేరే కథతో ఆస్కార్ తెచ్చిన ఆయన సినిమా ‘పారసైట్’కు విత్తనం ఆ ఇంట్లోనే పడింది. అలాంటి సరుకు ఏ కోర్సులోనూ దొరకదు.

అందుకే కొరియా ప్రయాణం మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. అక్కడి ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, భాష నేర్పే ఏడాది కూడా ఇస్తారు. కానీ రచయిత పనిముట్టు భాష. ఏ భాషలో అలుగుతామో, ఏ భాషలో అమ్మను విసుక్కుంటామో అందులోనే సంభాషణ పండుతుంది. ఇరవై ఏళ్లు నిండాక నేర్చిన కొరియన్‌లో అక్కడివాళ్లతో పోటీపడి రాయడం ఎంత కష్టమో ఆలోచించండి. లక్షలు కట్టించుకుని ఆరు నెలల్లో దర్శకుణ్ణి చేస్తామనే ప్రైవేటు సంస్థలంటే నాకు ఇంకా భయం. అప్పు చేసి మాత్రం వాటిలో చేర్పించకండి.

ఇక మీతో ఒక మాట, నొచ్చుకోకండి. మీ పూర్తి ఉత్తరంలో ఫీజుల లెక్క రాశారు, బంధువులు ఏమంటున్నారో రాశారు. అబ్బాయి ఏం రాస్తున్నాడో ఒక్క ముక్క లేదు. అతని నోటుపుస్తకం ఒక్కసారైనా తెరిచారా? తెరవకుండానే పిచ్చి అన్నారు. అది తప్పు. బాంగ్ తన సినిమాల్లోని షాట్లను ముందే తన చేత్తో కాగితం మీద బొమ్మలుగా గీసుకుంటారు. ఇంజినీరింగ్ డ్రాయింగుకు ఎంత ఓపిక కావాలో దానికీ అంతే కావాలి. మీ అబ్బాయిలో ఆ ఓపిక ఉందో లేదో చూడవలసింది మీరే.

కంగారు పడకండి, దారి మూసుకుపోలేదు. మిగిలిన రెండేళ్లూ బ్యాక్‌లాగులు లేకుండా పూర్తి చేయమనండి. పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో దర్శకత్వం, స్క్రీన్‌ప్లే కోర్సుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. అంటే ఇప్పుడు చదువుతున్నది వృథా కాదు. సెలవుల్లో పది పేజీల కథ రాసి, ఫోనుతో తీయనివ్వండి.

ఈ ఆదివారం అతను రాసింది మీకు చదివి వినిపించమని అడగండి. చదువుతున్నంతసేపూ ఉద్యోగం మాట ఎత్తకండి.