ల్యాబ్ లేదు, పిల్లల దగ్గర ఫోన్లు లేవు, మరి ఫేక్ మెసేజ్‌ల గురించి క్లాసు ఎలా చెప్పాలి?

ఒడిశాలో ఆంధ్రా బోర్డర్ దగ్గర గుణుపురం వైపు గవర్నమెంట్ హైస్కూల్లో చెప్తున్నారు, హెడ్మాస్టర్ గారు వారానికో పీరియడ్ ఇచ్చి ఫోన్లు, ఫేక్ న్యూస్ గురించి పిల్లలకి ఏదో ఒకటి చెప్పమన్నారు, కంప్యూటర్లు పని చెయ్యవు, పిల్లలకి సొంత ఫోన్లు లేవు, ఎక్కడ మొదలెట్టాలి అని కదా మేడమ్ మీరు అడిగింది. నేను పర్లాకిమిడి దగ్గర ఎనిమిది, తొమ్మిది క్లాసులకి ఇదే చెప్తున్నాను, మా దగ్గర కూడా తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొంతమంది సవర పిల్లలు కలిసే కూర్చుంటారు, కాబట్టి మీ పరిస్థితి నాకు కొంచెం తెలుసు.

మొదటి రోజు ఫేక్ న్యూస్ అన్న మాటే ఎత్తకండి. రేపు సెలవా కాదా, అక్కడ మొదలెట్టండి. నాలుగు చినుకులు గట్టిగా పడితే మన దగ్గర ఏటవుతాదో మీకు చెప్పక్కర్లేదు కదా, శ్రీకాకుళం కలెక్టర్ సెలవిచ్చారని బోర్డర్ అవతల పాతపట్నంలో ఉన్న మేనమామ స్టేటస్ పెడతాడు, అది మన ఊరి గ్రూపులకి చేరేసరికి శ్రీకాకుళం అన్న ముక్క ఎగిరిపోయి "రేపు స్కూళ్ళకి సెలవు" ఒక్కటే మిగుల్తాది. ఆ మెసేజ్ అబద్ధమా అంటే కాదు, నిజమే, కాకపోతే మనకి కాదు. మాది గజపతి జిల్లా, మీది రాయగడ, ఇక్కడ సెలవివ్వాల్సింది ఇక్కడి కలెక్టరు. ఇది పిల్లలకి ఒక్క నిమిషంలో ఎక్కేస్తాది ఎందుకంటే సెలవు వాళ్ళకి ప్రాణం, నమ్మి ఇంట్లో ఉండిపోయిన వాడు మర్నాడు తిట్లు తినుంటాడు కూడా.

హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో తయారయ్యే పాఠాల్లో ఈ సంగతి ఉండదు. వాళ్ళు నిజమా అబద్ధమా అనే అడుగుతారు, మన బోర్డర్ పిల్లలకి మాత్రం ముందు అడగాల్సింది ఇది ఏ రాష్ట్రానిది అని. మన ఇళ్ళల్లో టీవీ తెలుగుది, రేషన్ కార్డు ఒడిశాది, చుట్టాలు సగం అటు సగం ఇటు. తల్లికి వందనం డబ్బులు పడుతున్నాయి, ఈ లింక్‌లో పేరు పెట్టండి అని తెలుగులో మెసేజ్ వస్తే ఇక్కడి తల్లి కూడా కూతురి చేతికి ఫోన్ ఇచ్చి నింపమంటాది, అది ఆంధ్రలో చదివే పిల్లల తల్లులకి ఇచ్చే పథకం అని ఎవరూ చెప్పరు. ఇటు ఒడిశాలో సుభద్ర పథకం ఉంది, 2024 సెప్టెంబర్ 17న మొదలైంది, 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళకి ఏడాదికి 10,000 రెండు విడతల్లో, దాని పేరుతో కూడా లింకులు తిరుగుతుంటాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి, మన ఊళ్ళల్లో ఇంటికి ఫోన్ గుమస్తా ఆ ఎనిమిదో క్లాసు పిల్లే. ఓటీపీ చదివేది తనే, ఫారం నింపేది తనే, ఫోన్ మాత్రం నాన్నది. పిల్లలకి సొంత ఫోన్ లేదు కాబట్టి ఈ పాఠం వాళ్ళకెందుకు అని స్టాఫ్‌రూంలో ఎవరైనా అంటే ఇదే చెప్పండి.

లింకులు చదవడం బోర్డు మీదే నేర్పొచ్చు. పోస్టు కవరు మీద అడ్రసు చూసినట్టే చివర నుంచి చూడమనండి. ముందు సుభద్ర అని ఎవడైనా పెట్టుకోవచ్చు, మొదట్లో ఉండే https:// వదిలేసి, ఆ తర్వాత మొదటి అడ్డగీత వచ్చే ముందు ఆఖరున ఏముందన్నదే లెక్క, అక్కడ ఒడిశా డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటే ఒడిశా గవర్నమెంట్‌ది, ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటే ఆంధ్రాది, ఆ గవ్ డాట్ ఇన్ అనేది గవర్నమెంట్ ఆఫీసులకే ఇస్తారు. ఐదారు లింకులు రాసి ఏది ఎవరిదో చెప్పమంటే పిల్లలు పోటీ పడి చెప్తారు, చెప్పలేక దొరికిపోయేది ఎక్కువగా మనలాంటి పెద్దోళ్ళే.

నాకు బాగా పనిచేసిన పాఠం తుఫానుది. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబర్ 12న. హుద్‌హుద్ విశాఖపట్నంలో 2014 అక్టోబర్ 12న. తిత్లీ పలాస దగ్గర 2018 అక్టోబర్ 11న. మూడూ అదే నెల, ఇంచుమించు అదే తేదీ. దాంతో ఏటవుతాదంటే ప్రతి దసరా టైముకి "అక్టోబర్ 12న తీవ్ర తుఫాను, అందరికీ షేర్ చెయ్యండి" అని ఎవడో పాతది తవ్వి పంపుతాడు, తేదీ ఉంటాది, సంవత్సరం ఉండదు. ఈ మూడు తేదీలూ బోర్డు మీద రాసి, సంవత్సరం లేని మెసేజ్ ఒకటి కింద రాసి, ఇది ఏ తుఫానుదో చెప్పండి అనండి. కాసేపు గోల గోల చేసీసి ఆఖరికి ఎవడో ఒకడు లేచి "సార్, సంవత్సరం లేకపోతే ఎలా చెప్తాం" అంటాడు, ఆ మాట మనం చెప్పకూడదు, వాళ్ళ నోటి నుంచే రావాలి. అప్పుడు వాతావరణ శాఖ అసలు బులెటిన్ ప్రింట్ ఒకటి చూపించండి, దాని మీద నంబరు, తేదీ, ఎన్ని గంటలకి ఇచ్చారు అన్నీ ఉంటాయి.

తిత్లీతో ఇంకో మంచి పాఠం కూడా ఉంది. అప్పుడు బులెటిన్‌లో గోపాల్‌పూర్‌కీ కళింగపట్నానికీ మధ్య దాటుతాదని ఇచ్చారు. తెలుగు ఛానల్ పెట్టిన ఇంట్లో శ్రీకాకుళం మీదకి వస్తున్నట్టు, ఒడియా ఛానల్ పెట్టిన ఇంట్లో గంజాం మీదకి వస్తున్నట్టు వినబడతాది, ఎవడూ అబద్ధం ఆడలేదు, ఎవడి ఊరు వాడు ముందు చెప్పుకున్నాడు. మధ్యలో ఉన్న గజపతిలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, ఆ సంగతి ఇళ్ళల్లో పెద్దోళ్ళకి ఇప్పటికీ గుర్తే. మన పిల్లలకి రెండు భాషలూ వచ్చు కదా, ఒకే వార్త రెండిట్లో విని ఏది ఎక్కువుంది, ఏది తగ్గింది నోట్‌బుక్‌లో రాసుకురమ్మనండి. ఈ పని సిటీ పిల్లలు చెయ్యలేరు.

వీడియోల సంగతికి ప్రొజెక్టర్ అక్కర్లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగులని 2018లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో జనానికి జాగ్రత్త చెప్పడానికి తీసింది. బైక్ మీద ఇద్దరొచ్చి వీధిలో పిల్లాడిని ఎత్తుకుపోతారు, మళ్ళీ వెనక్కొచ్చి దించేసి, పిల్లాడిని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు అన్న బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసీసి ఇక్కడ తిప్పారు. నేను బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి కథ బొమ్మలేసి, నాలుగోది చెరిపీసి, వేరే సెక్షన్ వాళ్ళని పిలిచి కథ చెప్పమంటాను. మూడు గళ్ళు చూసినోళ్ళు చెప్పే కథకీ నాలుగూ చూసినోళ్ళు చెప్పే కథకీ పొంతనే ఉండదు. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో ఇలాంటి పుకారుతోనే ఐదుగురిని కొట్టి చంపారు, వాళ్ళు ఊరూరా తిరిగి పొట్ట పోసుకునే మనుషులు. ఇది మాటగా చెప్పండి చాలు, ఆ దెబ్బల వీడియోలు పిల్లలకి చూపించొద్దు.

వాట్సాప్‌లో ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అయ్యేలా మన దేశంలో పెట్టింది కూడా ఆ నెలలోనే. రెండు బాణాలు గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. అయితే బాణం లేదు కాబట్టి నిజం అనుకునే పిల్లలు ఉంటారు. కాపీ చేసి పేస్ట్ చేస్తే బాణం పోతాది, అది కూడా చెప్పండి.

ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. వరసగా అబద్ధాలే చూపిస్తే పిల్లలు నెల తిరిగేలోపు అన్నిటికీ ఫేక్, ఫేక్ అని అరుస్తారు, రేపు నిజంగా తుఫాను హెచ్చరిక వచ్చినా అదే అంటారు. అది మొదటి రోగం కన్నా పెద్ద రోగం. నేను తెచ్చేవాటిలో సగం నిజమైనవే ఉంటాయి. నిజమని తేల్చిన వాడికి కూడా అదే మార్కు.

ఇంటి ఫోన్లు క్లాసుకి తెమ్మనకండి, ఫ్యామిలీ గ్రూపులు తెరిపించకండి. వాటిలో ఎవరి అప్పులుంటాయో ఎవరి గొడవలుంటాయో మనకెందుకు. మెసేజ్ కాగితం మీద రాసుకురమ్మంటే చాలు, పేర్లు లేకుండా.

ఇంట్లో పెద్దోళ్ళతో ఎలా మాట్లాడాలో కూడా ప్రాక్టీసు చేయించాలి, ఇది ఎవరూ పట్టించుకోరు. తాత పంపిన వైద్యం మెసేజ్‌ని అందరి ముందు "తాతా ఇది ఫేక్" అంటే తాత వినడు, ఉల్టా ఫోన్ లాక్కుంటాడు. "తాతా, ఇది నీకెవరు పంపారు, నేనోసారి చూసి చెప్పనా" అంటే ఫోన్ చేతికొస్తాది. ఒకడిని తాతగా, ఒకర్తిని మనవరాలిగా నిలబెట్టి ఆడించండి, క్లాసు నవ్వుల్లో మునిగిపోతాది గానీ పని అవుతాది.

డబ్బుల పాఠం ఒక్క పీరియడ్ చాలు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగాడంటే మన డబ్బు పోతున్నట్టే. కేబీసీ టీవీ షో పేరుతో 25 లక్షల లాటరీ తగిలిందనే మోసపు ఆడియో మెసేజ్ వాళ్ళు వినే ఉంటారు, దాని గురించి వాళ్ళనే చెప్పనివ్వండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. గొంతు కాపీ కొట్టి అన్నయ్యలా మాట్లాడే ఫోన్లు కూడా వచ్చేశాయి కాబట్టి, ఫోన్ పెట్టేసి అన్నయ్య పాత నంబరుకి మనమే తిరిగి చెయ్యాలి అన్న అలవాటు చెప్పండి.

మీకు సాయానికి, ఫ్యాక్ట్‌లీ అని వార్తల నిజానిజాలు తేల్చే వెబ్‌సైట్ వాళ్ళు తెలుగులో కూడా రాస్తారు, పాఠానికి ఉదాహరణలు అక్కడ దొరుకుతాయి. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చూసేది కేంద్ర ప్రభుత్వం సంగతులు, మన సెలవు మెసేజ్ అక్కడ వెతికి లాభం లేదు. ఫొటోలకి మాత్రం మీ ఫోన్ ఒక్కటి తీసుకెళ్ళి, ఫొటో పెడితే అది ఇంకెక్కడుందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్ చూపించండి, వచ్చిన వాటిలో అన్నిటికన్నా పాత తేదీ ఏదో వెతకమనండి, పైన వచ్చిందే అసలుదని పిల్లలు ఆగిపోతారు. ఒడిశా గత ప్రభుత్వం స్కూళ్ళు బాగుచేసిన 5టీ కార్యక్రమం కింద మీ స్కూల్‌కి స్మార్ట్ క్లాస్‌రూం వచ్చి ఉంటే మంచిదే, అది పనిచేసే రోజున వాడుకోండి, పాఠం మాత్రం సుద్దముక్కతో అయ్యేలాగే రాసుకోండి. సవర పిల్లలని వెనక బెంచీలో వదిలెయ్యకండి, వాళ్ళ ఊరికి సిగ్నల్ లేక వార్త మనిషి నోటి మీదే వస్తాది, "ఎవరు చెప్పారు, ఆయనకి ఎవరు చెప్పారు" అని వెనక్కి పోవడం మా క్లాసులో అందరికన్నా బాగా వాళ్ళకే వచ్చింది.