‘గెట్’ అనే ఇంగ్లీషు క్రియకు ఇన్ని అర్థాలెందుకు? ఏది ఎప్పుడు?

‘గెట్’కి ఒకే అర్థం వెతికితే దొరకదు. దాని తర్వాత వచ్చే మాటే అర్థాన్ని తేలుస్తుంది. నామవాచకం వస్తే చాలాసార్లు అందడం, దొరకడం: ‘ఐ గాట్ ఎ లెటర్’, అంటే నాకు ఉత్తరం వచ్చింది. ఇక్కడ ‘రిసీవ్’ కూడా సరిపోతుంది. విశేషణం వస్తే మారడం: ‘ఇట్స్ గెటింగ్ డార్క్’, చీకటి పడుతోంది. దీనికి ‘బికమ్’ దగ్గర. ‘గెట్ హోమ్’ అంటే ఇంటికి చేరడం.

‘ఐ డోంట్ గెట్ ఇట్’ మాత్రం వేరే దారి: నాకు అర్థం కావట్లేదు. గమనించారా, ఇంగ్లీషులో ‘ఐ’ ఉన్నచోట మనకి ‘నాకు’ వస్తోంది! ‘నేను ఉత్తరం పొందాను’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, మామూలుగా ఎవరూ అలా మాట్లాడరు. ఆఫీసు లెటర్లలో ‘గెట్’ కాస్త తేలిగ్గా వినిపిస్తుంది, అక్కడ ‘రిసీవ్’, ‘అబ్టెయిన్’ నయం.