ఇంట్లో పచ్చళ్ళ వ్యాపారం నడుస్తుందా? మా అమ్మ 21 ఏళ్ళు నడిపింది

"హైదరాబాద్‌లో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్మితే గిట్టుబాటవుతుందా, పెట్టుబడి ఎంత కావాలి?" అని అడిగారు. తప్పకుండా అవుతుంది. 1998లో అజామాబాద్‌లో నాన్న పనిచేసే కంపెనీ మూతపడితే, అమ్మ గొలుసు తాకట్టు పెట్టి 4,000 రూపాయలతో చిక్కడపల్లిలో రెండు గదుల అద్దె వాటాలో మొదలుపెట్టింది. అక్క పెళ్ళి, నా ఇంజనీరింగ్ ఆ పచ్చళ్ళ మీదే అయ్యాయి.

మొదటి ఏడు 20 కిలోలు దాటకండి. ఫుడ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. 2017లో అమ్మకి నేను చేయించినప్పుడు ఏడాదికి 100 రూపాయలే ఫీజు. ఇంతకంటే ముఖ్యమైనది 2004 మే నెల సంగతి.

ఆ ఏడు ఆవకాయకి మోండా మార్కెట్‌లో 60 కిలోల మామిడికాయ కొట్టించాం. అమ్మ కత్తిపీట పక్కనే కూర్చుని, టెంక ఊడిన ముక్క పడితే అక్కడే పక్కకి తీసేసేది. ఇంటికొచ్చాక జీడి తీసి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడవడం నా పని. మలక్‌పేట గంజ్ నుంచి మిరపకాయలు తెచ్చి కొట్టించాం. కల్లుప్పు రెండు రోజులు ఎండబెట్టి దంచాలి. ఆ వారమంతా సాయంత్రానికల్లా గాలివాన. ఆర్డర్ల టెన్షన్‌లో అమ్మ ఒక్కపూట ఎండతో సరిపెట్టింది.

పదిహేను రోజులకి నారాయణగూడ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "పిన్నిగారూ, జాడీలో పైన తెల్లగా కడుతోంది."

అమ్మ మా జాడీ మూత తీసింది. అంచున బూజు. "ఎవరు అడిగితే వాళ్ళకి మార్చి ఇద్దాంలే" అన్నాడు నాన్న. "అడగనివాళ్ళు అదే పిల్లలకి కలిపి పెడతారు" అంది అమ్మ, నోటుపుస్తకం తీస్తూ.

43 ఇళ్ళు. నాలుగు రోజులు అమ్మా నేనూ సిటీ బస్సుల్లో తిరిగాం. కూకట్‌పల్లిలో ఒకచోట లిఫ్ట్ పనిచేయక ఐదంతస్తులు ఎక్కాం. వాళ్ళు "మాది బాగానే ఉందండీ" అన్నా వినకుండా డబ్బులు చేతిలో పెట్టి పచ్చడి వెనక్కి తీసుకుంది. అందుకోసం రెండు గాజులు అమ్మింది. అయినా ఆరుగురు మళ్ళీ పిలవలేదు. ఒకావిడ వాళ్ళ వీధిలో మా పచ్చడి కొనొద్దని చెప్పిందట. అమ్మకి చివరిదాకా ఆ బాధ పోలేదు.

ఇప్పుడు సీసాల మీద 'అమ్మ చేతి ఆవకాయ' అని రాసి లోపల వెనిగర్ పోస్తున్నారు. ఉప్పు, కారం, ఆవపిండి పాళ్ళు కుదిరి, పైన పప్పునూనె తేలుతుంటే వెనిగర్‌తో పనేముంది? నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకోటి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ సంపాదనని 'చేదోడు' అంటారు. ఇల్లంతా దాని మీదే నిలబడినా చేదోడే. 2009లో అమ్మ లోన్‌కి వెళ్తే బ్యాంకులో మొదట అడిగింది "మీవారు ఏం చేస్తారు?" అని. అప్పటికి ఆమె దగ్గర సీజన్‌లో ముగ్గురు పనిచేస్తున్నారు.

2019 నవంబరులో అమ్మ పోయింది. మరణం నమోదు చేయించడానికి వెళ్తే, ఫారం నింపే ఆయన వృత్తి దగ్గర నన్ను అడక్కుండానే 'గృహిణి' అని రాసేశాడు. నేను అది కొట్టేయించాను. 'పచ్చళ్ళ వ్యాపారం' అని రాయించి, అప్పుడు సంతకం పెట్టాను.