మార్చురీ వైపు వస్తానన్న మేనకోడలికి

చి. మాధురికి,

మావయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది పీజీలో ఫోరెన్సిక్ తీసుకుంటానంటోంది, నువ్వే ఏదో ఎక్కించావు" అని ఒకటే గొడవ. నేనేమీ ఎక్కించలేదంటే నమ్మదు. రేపు సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి శవాలు కోస్తుందని ఎలా చెప్పుకోవాలట. ఆ సంగతి నాకు వదిలెయ్. నువ్వు అడిగినదానికి జవాబు రాస్తాను.

దారి గురించి ముందే చెప్పేస్తాను, అందులో పెద్ద విశేషమేం లేదు. మన దగ్గర ఈ పనికి ప్రత్యేకంగా ఉన్న చదువు ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్. నీట్ పీజీ రాయాలి, మూడేళ్లు చదవాలి. అమెరికాలో అయితే ముందు పాథాలజీ రెసిడెన్సీ, ఆపైన ఏడాది ఫెలోషిప్. అటు వెళ్లే ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఇప్పుడే తేల్చుకో, ఇక్కడి ఎండీ చూపిస్తే అక్కడ నేరుగా ఉద్యోగం ఇవ్వరు. సొంత ప్రాక్టీస్ అనేది ఉండదు, జీతం మీదే బతకాలి. కాలేజీ, మార్చురీ, కోర్టు, ఈ మూడింటి మధ్యే తిరుగుతావు. రాత్రి డ్యూటీల పీడ మాత్రం తక్కువ. 2021 నవంబరులో కేంద్రం సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్ట్‌మార్టం చేయొచ్చని చెప్పింది కానీ హత్య, ఆత్మహత్య, అనుమానం ఉన్న కేసులు మామూలుగా పగలే చేస్తారు.

వాసన భరించగలనా అని అడిగావు. భరించడం రెండు వారాల్లో వచ్చేస్తుంది. ముక్కుకి అమృతాంజనం రాసుకుని లోపలికి వెళ్లే అలవాటు మాత్రం చేసుకోకు. అది రాసుకుంటే పురుగుమందు కేసులో గదిలోకి అడుగు పెట్టగానే తగలాల్సిన కిరోసిన్ లాంటి వాసన నీకు అందదు. శవం మీదికి వంగి పీల్చమనడం లేదు, మాస్కు వేసుకోవద్దనీ అనడం లేదు, టీబీతో పరాచికాలు వద్దు. ఉన్న ముక్కుని నువ్వే మొద్దుబార్చుకోకు అంటున్నాను.

ఇక అసలు సంగతి. నీకు పరిశీలన బాగా ఉందని మీ ప్రొఫెసర్ మెచ్చుకున్నారని రాశావు. సంతోషం. నాకూ ఉందనే అనుకునేవాణ్ణి, ఒక కేసు దాకా.

అప్పటికి నేను సర్వీసులో చేరి ఏడాది కాలేదు. ఓ చిన్న ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి. పాతికేళ్ల అమ్మాయి, రాత్రి నేలమీద చాప వేసుకుని పడుకుంది, తెల్లవారేసరికి పోయింది. బయట పుట్టింటివాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. పంచనామా కాగితాలు చేతికిస్తూ పోలీసాయన, "మొగుడేనండీ, దిండు పెట్టి నొక్కేశాడు" అన్నాడు. ఆ మాట నా చెవిలో పడ్డాక నేను చూసిందంతా ఆ మాటే. పెదవుల చుట్టూ, ముక్కు పక్కన, మెడ ముడతల్లో చిన్న చిన్న గోధుమరంగు గాట్లు కనిపించాయి. గీరుకున్న గాయాలు అని రాశాను. లంగా బొందు కట్టుకునే చోట కూడా అవే గాట్లు వరుసగా ఉన్నాయి. పెనుగులాటలో బట్ట ఒరుసుకుని ఉంటుందని అవీ ఆ లెక్కలోనే వేశాను. ఊపిరాడకుండా చేయడం వల్ల మరణం అని సంతకం పెట్టాను.

అవి చీమలు కొరికిన గుర్తులు. ప్రాణం పోయాక తడి ఉన్నచోట, మడతల్లో, బట్ట అంచు వెంట చీమలు పడతాయి. పైచర్మం తినేస్తాయి, ఆ చోటు ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. చుట్టూ కమిలిన ఎరుపు ఉండదు. బతికున్నప్పుడు తగిలిన దెబ్బకి ఆ ఎరుపు ఉంటుంది. కోర్టులో డిఫెన్స్ లాయరు నన్ను అడిగింది ఒక్కటే: "డాక్టరుగారూ, ఈ గాయాల చుట్టూ ఎరుపు ఉందా, లేదా?" నా రిపోర్టులో ఉందనీ లేదు, లేదనీ లేదు. బోనులో నిలబడి చెమటలు కక్కాను. ఆ భర్త బయటపడ్డాడు, కానీ అప్పటికి జైల్లో ఒక సంక్రాంతి గడిపాడు. ఆ అమ్మాయి దేనివల్ల పోయిందో ఇప్పటికీ తెలియదు. కట్లపామేమో అనిపిస్తుంది. నేలమీద నిద్రలో కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, కాటు గుర్తు వెతికితే తప్ప కనబడదు. నేను ఆమె చేతివేళ్లు, కాలివేళ్ల సందులు చూడలేదు.

అందుకే చెబుతున్నాను, చూసేటప్పుడు పేరు పెట్టకు. "రాపిడి గాయం" అని రాసేముందు ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ ఎముక నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరం, అంచులు ఎలా ఉన్నాయి, రంగేమిటి, చుట్టూ ఏముంది, ఇవన్నీ రాయి. లేనిదాన్ని కూడా "లేదు" అని రాయి. పేరు తర్వాత పెట్టుకోవచ్చు. తలమీద కర్రతో కొడితే చర్మం ఎముక మీద చిట్లి అచ్చం కత్తి గాటులా కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే అంచులు నలిగి ఉంటాయి, లోపల సన్నని దారాల్లా కణజాలం అటూ ఇటూ పట్టుకుని ఉంటుంది, వెంట్రుకల కుదుళ్లు చితికి ఉంటాయి. కత్తి అయితే వెంట్రుక నున్నగా తెగుతుంది. ఏ ఆయుధంతో కొట్టారన్న ప్రశ్నకు జవాబు ఆ భూతద్దం దగ్గరే తేలుతుంది.

పంచనామా చదవొద్దని కాదు. పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీలో 174వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 194, దాని కింద వచ్చే ఆ కాగితాలు శ్రద్ధగా చదువు. అందులో రాసినవి ఉన్నాయా అని టిక్కులు పెట్టుకుంటూ మాత్రం శవం దగ్గరికి వెళ్లకు.

బట్టలు విప్పకముందే బట్టలు చూడు. చొక్కా చిరుగు, లోపలి గాయం ఒకదాని మీద ఒకటి సరిపోతున్నాయో లేదో కొలువు. నువ్వు చూసేదాకా ఒక్క చుక్క నీళ్లు పడనివ్వకు. ఉరి కేసులో నోటి మూల నుంచి లాలాజలం కారి గడ్డం మీద, చొక్కా మీద చారలా ఎండిపోయి ఉంటుంది. మనిషి బతికుండగానే ఉరి బిగిసిందనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం అరుదు. పాపం ఎవరో శుభ్రంగా ఉండాలని ముఖం తుడిచేస్తారు, అయిపోయింది. ఈ విషయం మార్చురీ అటెండరుకి మొదటిరోజే చెప్పు. గద్దించి కాదు, అన్నా అని పిలిచి చెప్పు. అతను నీకంటే వందల శవాలు ఎక్కువ చూశాడు. "మేడమ్, వీపు తిప్పి చూద్దామా?" అని ఏదో ఒకరోజు అతనే నీ పరువు కాపాడతాడు.

మన దేశంలో మొదటి మెడికో లీగల్, అంటే చట్టం కోసం చేసిన, పోస్ట్‌మార్టం అని పుస్తకాల్లో చెప్పేది 1693లో మద్రాసులో జరిగింది. ఈస్టిండియా కంపెనీ కౌన్సిల్ సభ్యుడు వీలర్ అనే ఆయన ముత్యాల పొడి మందు తిని చనిపోయాడు. బల్క్‌లీ అనే సర్జన్ శవపరీక్ష చేశాడు. చివరికి తేలిందేమిటంటే, ఆ ముత్యాలు నూరిన రాతి కల్వంలోనే అంతకుముందు పాషాణం నూరారు. విషం పెట్టినవాడెవడూ లేడు, కల్వం కడగలేదు, అంతే. ప్రతి కేసులోనూ విలన్ ఉంటాడనుకునే కుర్ర డాక్టర్లకు నేను ఈ కథ చెప్పేవాణ్ణి.

ఇప్పటినుంచే ఏం చేయాలని అడిగావు కదా. ఈసారి మంచం కోడు తగిలి కాలు కమిలితే వదిలిపెట్టకు. రోజూ అదే టైముకి, అదే కిటికీ వెలుతురులో ఫొటో తీసి, నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయి. ఎరుపు నీలంగా ఎప్పుడు మారింది, ఆకుపచ్చ ఎన్నో రోజున వచ్చింది, పసుపు ఎప్పుడు తేలింది. పుస్తకంలో ఆకుపచ్చ అయిదారు రోజులకి అని ఉంటుంది. మీ నాన్న కాలి మీద, నీ కాలి మీద లెక్క ఒకటి కాదు. చామనఛాయ ఒంటి మీద ఆ ఆకుపచ్చ సరిగా కనబడదు కూడా. అది స్వయంగా చూసినదానివి రేపు కోర్టులో "ఈ దెబ్బ సరిగ్గా మంగళవారం తగిలింది" అని అనవు.

మధ్య మధ్య టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు ఎవరిదైనా ఒక చెయ్యి గమనించి వచ్చి రాసుకో. గోళ్లు, కాయలు కాసిన చోట్లు, పాత మచ్చలు. ఏం పని చేస్తాడో ఊహించకు. ఊహించడం చాలా సరదాగా ఉంటుంది, అందుకే వద్దంటున్నాను.

విసెరా, అంటే శవం లోపలి అవయవాల ముక్కలు, ఎఫ్‌ఎస్‌ఎల్ అనే ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపి "ఒపీనియన్ రిజర్వ్‌డ్" అని, అంటే అభిప్రాయం తర్వాత చెబుతానని, రాయడానికి సిగ్గుపడకు. బయట బంధువులు ఎదురుచూస్తుంటారు, పైనుంచి ఫోన్లు వస్తుంటాయి, టెన్షన్ ఉంటుంది. అయినా అదే రాయి. రిపోర్టు వచ్చాక కూడా ఏమీ తేలకపోతే తేలలేదనే రాయి. అయిదేళ్ల తర్వాత, నువ్వు వేరే జిల్లాకి ట్రాన్స్‌ఫర్ అయ్యాక సమన్లు వస్తాయి. అప్పుడు నీకు ఆ మొహం కూడా గుర్తుండదు, నువ్వు రాసుకున్న కాగితమే దిక్కు.

దసరా సెలవులకి రా. నా పాత భూతద్దం బీరువాలోనే ఉంది, దాని పిడికి మీ అత్తయ్య గుడ్డ చుట్టి కుట్టింది. వచ్చేటప్పుడు ఆ కమిలిన దెబ్బ నోట్‌బుక్ తీసుకురా, ఫొటోలు నీ దగ్గరే ఉంచుకుని అది ఒక్కటే నాకు ఇవ్వు. చదివి, దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎంత పెద్దదో నేను కాగితం మీద గీస్తాను. తర్వాత ఫొటోతో పోల్చి చూద్దాం.

మీ మావయ్య