కీబోర్డు వదిలి మైకు పట్టేముందు

తమ్మీ,

మీ సింగర్ హైదరాబాద్ వెళ్లిపోయాడట, ఈ పెళ్లిళ్ల సీజన్ నుంచి ఆర్కెస్ట్రాలో నిన్నే పాడమంటున్నారట. గొంతు సరిపోతుందా అని అడిగావు. గొంతుకేం ఢోకా లేదు, ఇన్నేళ్లు కోరస్ అందుకున్నవాడివి. నా అనుమానమంతా నీ చేతుల మీదే.

కీబోర్డు ఇంకొకరికి అప్పగించు. వాయిస్తూనే పాడితే ఒక మనిషి ఖర్చు తగ్గుతుందని అన్నావట, వద్దు. పల్లవి పాడుతున్నప్పుడే నీ ధ్యాస తర్వాతి బిట్ మీదకు పోతుంది. కొత్త కుర్రాడు తప్పు వాయించినా వెనక్కి తిరిగి చూడకు. నీకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. నువ్వు తిరిగితే హాలంతా అటే చూస్తుంది, తిరగకపోతే ఆ తప్పు మన నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు.

సినిమా పాటను రికార్డులో ఉన్న శ్రుతిలోనే పాడాలని పట్టుబట్టకు. ఇన్నాళ్లూ వేరేవాళ్ల కోసం కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కావు, నీ కోసం నొక్కడానికి సిగ్గెందుకు? చరణంలో అన్నిటికన్నా పైన తగిలే చోటు చూడు. అక్కడ గొంతు బిగుస్తుంటే అర శ్రుతి, కాదంటే ఒక శ్రుతి దించు. మరీ దించితే కింది స్వరాలు వినపడవు, కాబట్టి పల్లవి కూడా పాడి సరిచూసుకో. నోట్‌బుక్‌లో ప్రతి పాట పక్కన నీ శ్రుతి రాసిపెట్టు.

మంచి పాటను చివరికి దాచుకోకు. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ వద్దన్న నిబంధన 2000 నుంచీ ఉంది. బరాత్ ఎప్పుడూ ఆలస్యమే, దాచిన పాట దాచినట్టే మిగిలిపోతుంది. భోజనాల వేళ ఎవరూ తలెత్తి చూడరు, మనసులో పెట్టుకోకు. మన పెళ్లిళ్లలో మటన్ ముందు ఏ సింగరైనా ఓడిపోవాల్సిందే.

ఐనవోలు జాతరలాంటి ఆరుబయట చోట్ల ఒక మానిటర్ స్పీకర్ నీ వైపు పెట్టించుకో. నీ గొంతు నీకు వినపడకపోతే తెలియకుండానే అరుస్తావు, రెండు పాటలకే బొంగురుపోతుంది.

బతుకమ్మకు పిలిస్తే మాత్రం తక్కువ పాడు. అక్కడ పాట ఆడవాళ్లది. నువ్వు చరణం ఎత్తుకుని ఉయ్యాలో దగ్గర వాళ్లకు వదిలెయ్. రిథమ్ ప్యాడ్ వాయించేవాళ్లకు ముందే చెప్పు, చప్పట్ల నడక కన్నా రిథమ్ వేగం పెరిగితే ఆట చెదిరిపోతుంది.

ఇక డబ్బు. సింగర్‌గా నీ వాటా ఎంతో బయానా తీసుకోకముందే బ్యాండ్‌లో అందరి ముందూ తేల్చుకో. కీబోర్డుకు వచ్చే పిల్లవాడికి ఇన్నాళ్లూ దానికి నువ్వు తీసుకున్నంత ఇప్పించు, కొత్తవాడని కోత పెట్టనివ్వకు. ఆదివారం సాయంత్రం నేను కాజీపేటలోనే ఉంటాను. వాడిని, నోట్‌బుక్‌ను వెంటబెట్టుకుని రా, శ్రుతులు చూద్దాం.

నీ అన్న