చెవి మిషన్ ఎవరికి పనికొస్తది?

టీచరమ్మకు నమస్కారం. మాది కాజీపేట. మా ఆయన రైల్వేలో పని చేస్తారు. మా బాబుకు ఏడేళ్లు. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటాడు. తోటి పిల్లలు ‘మిషనోడు’ అని పిలుస్తున్నారు. ధైర్యం వస్తుందని ఎర్రముక్కు రెయిన్‌డీర్ రుడాల్ఫ్ కథ చెప్పాను. ముక్కు వెలుగుతుందని మిగతా జింకలు ఏడిపించడం, పొగమంచు కమ్మిన రాత్రి క్రిస్మస్ తాత బండికి ఆ వెలుగే దారి చూపడం, అప్పటినుంచి అందరూ మెచ్చుకోవడం, అంతా విన్నాడు. విని, ‘అమ్మా, నా మిషన్ ఎవరికి పనికొస్తది?’ అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఏం చెప్పాలి? వేరే కథ ఏదైనా ఉందా? చర్చి డ్రామాలో కూడా వీణ్ణి పక్కన పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ బాబు అడిగింది పెద్దవాళ్లం మనం అడగాల్సిన ప్రశ్న. ఆ కథ నాకూ ఇష్టమే. నలభై ఏళ్లు సండే స్కూల్లో చెప్పాను కూడా. కానీ ఆ పొగమంచు రాకపోతే రుడాల్ఫ్ సంగతేంటి అని ఒక్కసారైనా ఆలోచించలేదు.

ముందు ఆ కథ ఎలా పుట్టిందో వినండి. 1939లో చికాగోలో మాంట్‌గోమరీ వార్డ్ అనే పెద్ద దుకాణాల కంపెనీ, క్రిస్మస్‌కు వచ్చే పిల్లలకు ఉచితంగా పంచడానికి ఒక చిన్న పుస్తకం రాయమని తన ప్రకటనల విభాగంలోని రాబర్ట్ మే అనే ఉద్యోగికి చెప్పింది. చిన్నప్పుడు పొట్టిగా, బిడియంగా ఉండి తోటివాళ్లతో మాటలు పడ్డ మనిషి ఆయన. ఆ కథ రాస్తున్న రోజుల్లోనే, జూలైలో, ఆయన భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. ఇంట్లో నాలుగేళ్ల కూతురు. రాసిన ముక్క రాసినట్టు ఆ పాపకే చదివి వినిపించేవాడు. ఎర్ర ముక్కు అంటే తాగుబోతు గుర్తొస్తాడని పై అధికారి నసిగితే, ఒక చిత్రకారుణ్ణి జూకు తీసుకెళ్లి జింకల బొమ్మలు వేయించి చూపించాడు. ఆ ఏడాది సుమారు 24 లక్షల పుస్తకాలు పంచారు. 1949లో పాట వచ్చాక అసలు కథ వెనక్కి పోయింది. మనకు తెలిసింది ఆ పాట కథే.

అసలు పుస్తకంలో రుడాల్ఫ్ క్రిస్మస్ తాత దగ్గర ఉండడు. ఎక్కడో మామూలు జింకల ఊళ్లో ఉంటాడు. అందరి ఇళ్లకూ వచ్చినట్టే వాళ్లింటికీ తాత బహుమతి ఇవ్వడానికి వస్తాడు. అప్పుడు కనిపిస్తుంది గదిలో వెలుగు. అంటే బహుమతి ముందు, పని తర్వాత. బాబుకు ఈసారి కథ ఇక్కడినుంచి చెప్పండి. ముక్కు వెలిగినా వెలగకపోయినా ఆ ఇంటికి తాత వచ్చేవాడే. పొగమంచు అంటే ఏంటో మీవాడికి వివరించే పని లేదు లెండి, డిసెంబర్లో ఢిల్లీ బండ్లు ఎన్ని గంటలు లేటో వాళ్ల నాన్న రోజూ చెబుతూనే ఉంటారు!

ఇక అతని ప్రశ్నకు జవాబు. ‘నీ మిషన్ నీకు పనికొస్తది బిడ్డా, నువ్వు వినడానికి. ఇంకెవరికీ పనికిరాకపోయినా ఏం కాదు’ అని చెప్పండి. అంతకంటే ఎక్కువ చెప్పకండి. ‘నువ్వు స్పెషల్’ అని మొదలుపెడితే పిల్లలు వెంటనే పసిగడతారు.

వేరే కథ అడిగారు కదా, మన చేతిలోనే ఉంది, గొర్రెల కాపరుల కథ. లూకా సువార్త ప్రకారం యేసు పుట్టిన కబురు మొదట చేరింది ఊళ్లో పెద్దలకు కాదు, రాత్రిపూట పొలంలో మందకు కాపలా ఉన్నవాళ్లకు. వాళ్లు బండి లాగలేదు, దారి చూపలేదు. వెళ్లారు, చూశారు, సంతోషంగా తిరిగొచ్చారు. వాళ్లతో ఎవరికీ పని పడలేదు, అయినా పిలిచారు. మన దగ్గర ఆ వేషానికి గొంగడి కప్పుతాం కాబట్టి పిల్లలకు ఆ కాపరులు మనూరివాళ్లే అనిపిస్తారు.

గొంగడి అంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందటి మాట. మా డ్రామాలో నత్తి ఉన్న పిల్లవాడు ఒకడుండేవాడు. నలుగురిలో ఇబ్బంది పడకూడదని వాడికి గొర్రె వేషం ఇచ్చాను. మాట్లాడే పని ఉండదు కదా! గొంగడి కూడా వాళ్ల తాతదే, వాడే మోసుకొచ్చాడు. దాని కిందే వాణ్ణి కూర్చోబెట్టాను. మొన్నామధ్య ఒక పెళ్లిలో కలిశాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. ‘టీచర్, ‘భయపడకుడి’ అని మొదలయ్యే దేవదూత మాటలు మొత్తం నాకు నోటికొచ్చు. రోజూ పొద్దుగూకినంక మా గొర్లకు చెప్తుంటి. ఒక్కసారి కూడా నత్తి రాలే’ అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను.

అందుకే చెబుతున్నా, మీరే వెళ్లి డ్రామా టీచర్‌ను కలవండి. ఒక్క మాటైనా సరే, మాట ఉన్న వేషం అడగండి. ఏ వేషం కావాలో ముందు బాబునే అడగండి. చెవి మిషన్ మాటతో పాటు చుట్టూ ఉన్న గోలను కూడా పెంచుతుంది కాబట్టి స్పీకరు పక్కన, డోలక్ పక్కన నిలబెట్టొద్దని చెప్పండి. వాడి వంతు వచ్చినప్పుడు ఎదురుగా ఉన్న పిల్లవాడు చెయ్యి ఊపితే సరిపోతుంది. రాత్రి క్యారల్స్‌కు వెళ్తే, చీకట్లో పెదాలు కనిపించవు కాబట్టి, మాట్లాడేవాళ్ల ముఖం మీద వెలుతురు పడేలా చూడండి.

---

మాది మహబూబాబాద్. మేము హిందువులం. మనవరాలికి ఆరేళ్లు. బడిలో క్రిస్మస్ ప్రోగ్రాం అట. ‘నువ్వు నల్లగ ఉన్నవు, నల్ల రాజు వేషం నీదే’ అన్నారని ఏడ్చుకుంటూ వచ్చింది. మాకు ఆ కథ తెలియదు. ఏం చెప్పమంటారు?

జవాబు: అన్నగారూ, అలా అన్నవాళ్లకూ కథ సరిగ్గా తెలియదు. మత్తయి సువార్తలో ఉన్నది, పుట్టిన యేసును చూడటానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులని మాత్రమే. వాళ్లు రాజులని లేదు, ముగ్గురని లేదు, రంగు మాటే లేదు. తెచ్చినవి మూడు, బంగారం, సాంబ్రాణి, బోళం. దాన్ని బట్టి ముగ్గురన్నారు. ఒకరిని ఆఫ్రికా మనిషిగా వేసింది తర్వాతి కాలపు యూరప్ చిత్రకారులు, లోకమంతా వచ్చిందని చూపడానికి.

మీకు దగ్గర్లోనే డోర్నకల్ ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండ్ చర్చికి చెందిన సంఘం) మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య అక్కడ కట్టించిన కెథడ్రల్‌కు ఈ జ్ఞానుల పండుగ పేరే పెట్టారు, ఎపిఫనీ కెథడ్రల్ అని. 1939లో ప్రతిష్ఠ చేశారు. గుడి పోలికా మసీదు పోలికా కలిపి కట్టిన చర్చి. ఒక ఆదివారం పాపను తీసుకెళ్లి చూపించండి.

బడిలో మాత్రం వేషాలు చీటీలేసి పంచమని అడగండి. అన్ని రోజులు ఎడారి ఎండలో ఒంటెల మీద వచ్చినవాళ్లలో తెల్లగా మిగిలింది ఎవరో నాకైతే అర్థం కాదు! పాపకు ఏ చీటీ వచ్చినా సాంబ్రాణి పళ్లెం తన చేతికివ్వమనండి. నిజం సాంబ్రాణే వెయ్యాలి, చివరి వరుస దాకా వాసన పోవాలి.